పావొలో మాల్దీని గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇప్పుడు ఫుట్‌బాల్ చూసే కుర్రాళ్లలో చాలామందికి మాల్దీని పేరు తెలుసు, ఆట తెలియదు. వీడియో గేముల్లో పాతతరం కార్డుగానో, పదిహేను సెకన్ల రీల్‌గానో చూసి ఉంటారు. ఆయన ఆడిన 25 సీజన్లలో సగానికి పైగా టీవీ ముందు కూర్చుని చూసినవాణ్ని కాబట్టి నన్ను ఎవరో ఒకరు ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారు. మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలకు జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

ఎవరీ మాల్దీని? రెండు ముక్కల్లో చెప్పండి.

ఇటలీ డిఫెండర్. 1968 జూన్ 26న మిలన్‌లో పుట్టాడు. 1985 నుంచి 2009 దాకా ఏసీ మిలన్‌కు తప్ప ఇంకో క్లబ్‌కు ఆడలేదు. మొత్తం 902 మ్యాచ్‌లు, అందులో ఇటలీ అగ్రశ్రేణి లీగ్ అయిన సెరీ ఎలోనే 647. దేశం తరఫున 126 మ్యాచ్‌లు ఆడితే వాటిలో 74 కెప్టెన్‌గా ఆడినవే. సెరీ ఎ రికార్డును 2020లో గోల్‌కీపర్ బఫన్ దాటాడు. గోల్‌కీపర్ పరుగుకీ డిఫెండర్ పరుగుకీ తేడా ఉందని నేను గొణుక్కుంటాను గానీ, రికార్డు రికార్డే.

గోల్స్ కొట్టని ఆటగాడు గొప్పోడని ఎలా తెలుస్తుంది?

అందరూ అడగాల్సిన ప్రశ్న ఇది, అడిగేది మాత్రం తక్కువమంది.

కబడ్డీ చూస్తారు కదా. మంచి కార్నర్ ఆటగాడు రైడర్ మీదికి ఊరికే ఎగబడడు. తొందరపడి దూకితే పాయింట్ పోతుందని అతనికి తెలుసు. ఒక అడుగు వెనక్కి వేసి, ఒక పక్క ఖాళీ వదిలి, రైడర్ తనంతట తానే అటు వచ్చేలా చేసుకుంటాడు. కాలు పట్టుకునేసరికి అసలు పని అయిపోయి ఉంటుంది. మాల్దీని డిఫెన్స్ అచ్చం అలాగే ఉండేది. బంతితో వస్తున్న ఫార్వర్డ్‌కు ఎదురుగా అడ్డంగా నిలబడడు, కాస్త వాలుగా నిలబడతాడు. వాడికి రెండు దారులు కనిపిస్తాయి, అందులో ఒకటి మాల్దీని మూసేసి ఉంటాడు. రెండోది సైడ్‌లైన్ వైపు పోతుంది, అక్కడ గోల్ పోస్టు ఉండదు.

'నేను ట్యాకిల్ చేయాల్సి వచ్చిందంటే అప్పటికే తప్పు చేశానని అర్థం' అన్న మాట ఆయన పేరు మీద తెగ తిరుగుతుంటుంది. అందుకని స్లైడింగ్ ట్యాకిల్ చేయడనుకోకండి. కావలసినప్పుడు గడ్డి మీద జారి బంతిని ఎంత శుభ్రంగా తీసేవాడంటే, అవతలివాడు పడిపోడు, బంతి మాత్రం మాయమయ్యేది. రీల్స్‌లో కనిపించేవి అవే. రీల్‌లో పెట్టడానికి వీల్లేని మిగతా 89 నిమిషాలే నాకు ఇష్టం.

తండ్రి పేరుతో వచ్చాడంటారు, నిజమేనా?

సినిమా వారసుల గురించి మనం ఇళ్లలో మాట్లాడుకునే మాటలన్నీ మిలన్‌లో మాల్దీని గురించి మాట్లాడుకున్నారు. తండ్రి చెజారే మాల్దీని సామాన్యుడు కాదు. 1963లో లండన్ వెంబ్లీ మైదానంలో బెన్ఫికాను 2-1తో ఓడించి యూరప్ క్లబ్బులన్నిటిలో పెద్దదైన యూరోపియన్ కప్ ఎత్తిన మిలన్ కెప్టెన్ ఆయనే. ఇటలీ క్లబ్ ఆ కప్పు గెలవడం అదే మొదలు. అలాంటి ఇంటిపేరు వెనకాల పెట్టుకుని అదే క్లబ్‌లోకి పిల్లాడు వస్తే ఎవరైనా కన్ను పెడతారు.

తమాషా ఏమిటంటే చిన్నప్పుడు ఈ పిల్లాడు యువెంటస్ అభిమాని. ఆ మాట తర్వాత ఇంటర్వ్యూల్లో తనే చెప్పుకున్నాడు.

2003లో అదే కప్పు (అప్పటికి పేరు ఛాంపియన్స్ లీగ్) ఫైనల్లో, ఓల్డ్ ట్రాఫర్డ్ మైదానంలో, మిలన్ యువెంటస్‌నే పెనాల్టీల మీద ఓడించింది. కప్పు ఎత్తిన కెప్టెన్ పావొలో. నాన్న ఎత్తిన 40 ఏళ్లకు కొడుకు ఎత్తాడు, అదీ ఇంగ్లండ్ గడ్డ మీదే. అప్పటికి సిఫారసు మాట ఎత్తేవాళ్లు ఎవరూ మిగల్లేదు లెండి.

మొదటి మ్యాచ్ ఎలా జరిగింది?

1985 జనవరి 20, ఉడీనే ఊళ్లో ఉడినేసె మీద మ్యాచ్. ఆ జనవరిలో ఉత్తర ఇటలీ అంతా చలికి గడ్డకట్టింది. సెర్జియో బత్తిస్తీనికి దెబ్బ తగిలితే హాఫ్ టైమ్‌లో కోచ్ నీల్స్ లీడ్‌హోమ్ బెంచీ మీదున్న ఈ పదహారున్నరేళ్ల పిల్లాణ్ని లోపలికి పంపాడు. మ్యాచ్ 1-1తో డ్రా అయింది. ఆ సీజన్లో అతను ఆడింది ఆ ఒక్క మ్యాచే, తర్వాతి సీజన్ నుంచి జట్టులో పర్మనెంటు.

కుడికాలి వాటం మనిషి కదా, ఎడమవైపు ఎందుకు ఆడాడు?

మొదట్లో కుడివైపే ఆడేవాడు. అక్కడ మావ్రో తసోత్తి పాతుకుపోయి ఉన్నాడు, ఎడమవైపు చోటుంది. అంతే, దీని వెనక పెద్ద సిద్ధాంతమేమీ లేదు. ఎడమకాలితో కొట్టడం సాధన చేసి చేసి, కొన్నేళ్లకు ఆయన ఏ కాలి వాటమో తెలియని స్థితికి తెచ్చాడు. ఎడమ డిఫెండర్ కుడికాలి వాటం వాడైతే ఒక సౌకర్యం ఉంది. అవతలి వింగర్ లోపలికి, అంటే గోల్ వైపు తిరిగినప్పుడు బలమైన కాలు అటే ఉంటుంది.

అరిగో సాకి వచ్చాక ఏం మారింది?

అంతా మారింది. 1987లో మిలన్‌కు కోచ్‌గా వచ్చిన సాకి పెద్ద ఆటగాడేమీ కాదు, చెప్పుల వ్యాపారం చేసుకున్న మనిషి. అప్పటిదాకా ఇటలీలో డిఫెండర్ అంటే ఒక ఫార్వర్డ్‌ను నీడలా పట్టుకుని తిరిగేవాడు. సాకి దాన్ని పక్కన పెట్టి, నలుగురూ ఒకే గీత మీద ఉండాలన్నాడు. బంతి ఎటు కదిలితే గీత అటు కదలాలి. గీత ముందుకు జరిగితే అవతలివాళ్లు ఆఫ్‌సైడ్‌లో ఇరుక్కుంటారు, అంటే గీత దాటి నిలబడ్డవాడికి పాస్ ఇచ్చినా చెల్లదు. కుడి నుంచి తసోత్తి, కోస్తకుర్తా, బరేసి, ఎడమన మాల్దీని. కెప్టెన్ బరేసి చెయ్యి పైకి లేస్తే నలుగురూ ఒక్కసారి అడుగు ముందుకు వేసేవాళ్లు. ఎవరో తాడు కట్టి లాగినట్టుండేది.

సాకి తర్వాత చెప్పిన ఒక సంగతి నాకు చాలా ఇష్టం. ప్రాక్టీసులో గోల్‌కీపర్‌తో పాటు ఈ నలుగురిని ఒకపక్క నిలబెట్టేవాడట. రెండోపక్క గుల్లిట్, వాన్ బాస్టెన్, రైకార్డ్, ఆంచెలోటి, డొనడోనితో కలిపి పదిమంది. పావుగంట టైమ్. బంతి పోయిన ప్రతిసారీ ఆ పదిమంది తమ సగంలోకి వెళ్లి మళ్లీ మొదలుపెట్టాలి. ఎన్నిసార్లు ఆడించినా పదిమందీ ఒక్క గోల్ కూడా కొట్టలేకపోయారని సాకి చెబుతాడు. కోచ్‌లు కాస్త పెంచి చెబుతారనుకున్నా, ఆ మ్యాచ్‌లు చూసినవాడిగా నాకు నమ్మబుద్ధే అవుతుంది. చిన్నప్పటి మాల్దీనికి బడి ఇదే.

మొత్తం ఎన్ని కప్పులు గెలిచాడు?

సెరీ ఎ ఏడుసార్లు. యూరోపియన్ కప్ లేదా ఛాంపియన్స్ లీగ్ ఐదుసార్లు (1989, 1990, 1994, 2003, 2007). ఇటలీ కప్ ఒకసారి. ప్రపంచ క్లబ్ స్థాయి కప్పులు మూడు. ఇవి కాక సూపర్ కప్పులు. మొదటి యూరోపియన్ కప్పుకీ చివరిదానికీ మధ్య 18 ఏళ్లు. 1989లో ఆయన పక్కన వాన్ బాస్టెన్ ఉన్నాడు, 2007లో కకా. కకా పుట్టింది 1982లో.

1991-92లో కపెల్లో కోచ్‌గా ఉన్నప్పుడు లీగ్ మొత్తంలో మిలన్ ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. అది అక్కడితో ఆగలేదు, లీగ్‌లో వరసగా 58 మ్యాచ్‌లు ఓటమి లేకుండా సాగింది.

కెప్టెన్ ఎప్పుడయ్యాడు? ఎలాంటి కెప్టెన్?

1997లో ఫ్రాంకో బరేసి రిటైరైతే క్లబ్ ఆయన 6 నంబర్ జెర్సీని పక్కన పెట్టేసింది, కెప్టెన్ ఆర్మ్‌బ్యాండ్ మాల్దీనికి వచ్చింది. వచ్చిన వేళ మాత్రం ఏమంత బాగాలేదు. 1996-97లో మిలన్ 11వ స్థానం, ఆ తర్వాతి ఏడాది 10వ స్థానం. యూరప్‌ను ఏలిన జట్టు పట్టిక మధ్యలో ఎక్కడో వెతుక్కోవాల్సిన చోట ఉంది. కప్పులతో నిండిన కెరీర్ అని చెప్పుకునేటప్పుడు ఈ రెండేళ్లను అందరూ దాటేస్తారు. నా లెక్కలో మాల్దీని కెప్టెన్సీ మొదలైంది ఆ బురదలోనే. 1998-99లో జక్కెరోని కోచ్‌గా మిలన్ మళ్లీ లీగ్ గెలిచింది.

అరిచే కెప్టెన్ కాదు. రిఫరీ చుట్టూ మూగే గుంపులో కనిపించడం అరుదు. చెయ్యి కాస్త ఎత్తి, వేలితో ఎక్కడ నిలబడాలో చూపించి, మళ్లీ తన చోటికి పోయేవాడు. పక్కనున్న నెస్తా లాంటి మేటి డిఫెండర్ కూడా ఆ వేలు చూసి ఒక అడుగు జరిగేవాడు.

ఇస్తాంబుల్ ఫైనల్లో నిజంగా మొదటి నిమిషంలోనే గోల్ కొట్టాడా?

కొట్టాడు. నేను చూడలేదు.

2005 మే 25 రాత్రి, మన టైమ్ ప్రకారం పన్నెండుంబావు. మ్యాచ్ మొదలైంది కదా, ఇప్పుడే ఏమవుతుందిలే అని ఫ్రిజ్ దగ్గరికి వెళ్లి నీళ్ల సీసా తీసుకున్నాను. మూత తిప్పుతుండగా హాల్లోంచి అరుపు. పరిగెత్తుకొచ్చేసరికి తెల్ల జెర్సీలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. రీప్లేలో చూస్తే, కుడివైపు నుంచి పిర్లో ఫ్రీకిక్ తీశాడు. మనుషుల మధ్యలోంచి వచ్చిన బంతిని మాల్దీని కుడికాలితో గాల్లోనే కొడితే నేలకు తగిలి లోపలికి పోయింది. నిమిషం కూడా నిండలేదు. ఏళ్ల తరబడి గోల్స్ ఆపడమే పనిగా పెట్టుకున్న మనిషి, 36 ఏళ్ల వయసులో, ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ చరిత్రలోనే అత్యంత వేగమైన గోల్ కొట్టడమేమిటి, ఆ క్షణంలో నేను ఫ్రిజ్ దగ్గర ఉండటమేమిటి!

హాఫ్ టైమ్‌కు మిలన్ 3-0. తర్వాత లివర్‌పూల్ ఆరు నిమిషాల్లో మూడు కొట్టింది: జెరార్డ్, స్మిత్సెర్, షాబి అలోన్సో. చివరికి పెనాల్టీలు. షెవ్‌చెంకో కిక్‌ను డూడెక్ ఆపాడు, కప్పు పోయింది. ఆ గోల్ గురించి ఎవరు అడిగినా ఈ మిగతా కథ కూడా చెప్పాల్సి వస్తుంది, అదే బాధ. రెండేళ్ల తర్వాత ఏథెన్స్‌లో అదే లివర్‌పూల్‌ను 2-1తో ఓడించి, 38 ఏళ్ల కెప్టెన్ కప్పు ఎత్తాడు. రెండు గోల్సూ ఇన్‌జాగివే.

ఈ కప్పులో మొత్తం 8 ఫైనల్స్ ఆడాడు. 1993లో మార్సె చేతిలో, 1995లో అయాక్స్ చేతిలో, 2005లో లివర్‌పూల్ చేతిలో ఓడాడు.

ఇటలీ జట్టుతో ఏమీ గెలవలేదా?

గెలవలేదు. ఈ కెరీర్‌లో మనసు చివుక్కుమనే భాగం ఇదే.

1988లో యుగొస్లావియా మీద మొదటి మ్యాచ్. 1990 ప్రపంచ కప్ సొంతగడ్డ మీద, సెమీస్‌లో మారడోనా జట్టు అర్జెంటీనా చేతిలో పెనాల్టీలతో ఓటమి, మూడో స్థానం. 1994 ఫైనల్ బ్రెజిల్‌తో. మనకు అర్ధరాత్రి ఒంటిగంటకు మొదలైంది ఆ మ్యాచ్. కోస్తకుర్తాపై నిషేధం ఉండటంతో మాల్దీని మధ్యలోకి జరిగి, మోకాలి ఆపరేషన్ అయిన కొద్దిరోజులకే తిరిగొచ్చిన బరేసి పక్కన నిలబడ్డాడు. ఎదురుగా రొమారియో, బెబెటో. 120 నిమిషాల్లో బ్రెజిల్‌కు ఒక్క గోల్ ఇవ్వలేదు. మళ్లీ పెనాల్టీలు, మళ్లీ ఓటమి. ఆఖరి పెనాల్టీ పోగొట్టి బాజియో తలవంచుకుని నిలబడ్డ ఫొటో అందరికీ తెలుసు, ఆ 120 నిమిషాల డిఫెన్స్ ఎవరికీ గుర్తుండదు.

1998లో కోచ్ సాక్షాత్తూ నాన్నే. క్వార్టర్స్‌లో ఫ్రాన్స్‌తో 0-0, పెనాల్టీల మీద ఓటమి. అంటే మూడు ప్రపంచ కప్‌లు వరసగా పెనాల్టీలతోనే పోయాయి. 2000 యూరో (యూరప్ దేశాల కప్పు) ఫైనల్లో గెలుపు చేతిదాకా వచ్చింది. చివరి క్షణాల్లో ఫ్రాన్స్ సమం చేసి, ట్రెజెగే గోల్డెన్ గోల్‌తో (అదనపు సమయంలో మొదటి గోల్ పడగానే మ్యాచ్ ముగిసే పద్ధతి) లాక్కుపోయింది.

చివరిది 2002, దక్షిణ కొరియాతో డేజాన్‌లో. 117వ నిమిషంలో గాల్లోకి వచ్చిన బంతికి ఆన్ జంగ్-హ్వాన్ ఎగిరి తల తాకించాడు. అతని పక్కనే ఉండి అందుకోలేకపోయిన డిఫెండర్ మాల్దీని. గోల్డెన్ గోల్, ఇంటికి ప్రయాణం. ఆ మ్యాచ్ రిఫరీ మొరేనో నిర్ణయాల మీద ఇటలీ వాళ్లు ఇప్పటికీ మండిపడతారు, అందులో న్యాయం ఉంది కూడా. కానీ ఆ హెడర్ మాత్రం రిఫరీ తప్పు కాదు. దేశం తరఫున ఆయన ఆఖరి మ్యాచ్ అదే. నాలుగేళ్ల తర్వాత ఇటలీ ప్రపంచ కప్ గెలిచినప్పుడు ఆయన జట్టులో లేడు.

ప్రపంచ కప్‌ల్లో 23 మ్యాచ్‌లు, 2,200 నిమిషాలకు పైగా మైదానంలో ఉన్నాడు. ఆ నిమిషాల రికార్డును 2022 ఫైనల్లో మెస్సీ దాటాడు. మెస్సీ ఆ రోజు కప్పు కూడా పట్టుకెళ్లాడు.

బాలన్ డోర్ ఎందుకు రాలేదు?

ఏటా మేటి ఆటగాడికి ఇచ్చే అవార్డు అది. ఆ ఓటింగులో 1994లో, 2003లో మూడో స్థానం. డిఫెండర్లకు ఓట్లు పడవు, అంతే. 1994లో వరల్డ్ సాకర్ పత్రిక ఏడాది మేటి ఆటగాడిగా ఎంచింది. ఆ పత్రిక డిఫెండర్‌కు అది ఇవ్వడం అదే మొదటిసారి.

నలభై దాటేదాకా ఎలా ఆడగలిగాడు?

వేగం తగ్గుతోందని అందరికంటే ముందు తనే గమనించాడు. కుర్రతనంలో ఎడమ అంచు వెంబడి అవతలి కార్నర్ జెండాదాకా పరిగెత్తేవాడు. ముప్పై దాటాక మెల్లగా మధ్యకు జరిగాడు. 2003, 2007 ఫైనల్స్‌లో ఆయన ఆడింది నెస్తా పక్కన సెంటర్‌లో. అక్కడ పరుగు తక్కువ, ఆలోచన ఎక్కువ. చివరి ఏళ్లలో మోకాళ్లు బాగా ఇబ్బంది పెట్టాయి. 2007 తర్వాత మానేద్దామనుకుంటూనే ఇంకో ఏడాది, మరో ఏడాది అంటూ పొడిగించాడు.

చివరి మ్యాచ్‌లో సొంత అభిమానులే ఈలలు వేశారట?

అవును. నాకు మింగుడుపడని విషయం ఇది. 2009 మే 24, సాన్ సీరోలో రోమాతో ఆఖరి హోమ్ మ్యాచ్. మిలన్ 2-3తో ఓడింది. మ్యాచ్ అయ్యాక స్టేడియం చుట్టూ తిరుగుతూ వీడ్కోలు చెబుతుంటే, కుర్వా సుద్ అనే దక్షిణ స్టాండ్‌లోని కరుడుగట్టిన అభిమానుల గుంపు ఒకటి ఈలలు వేసింది. బరేసి 6 నంబర్ జెర్సీ బ్యానర్ పైకెత్తి, మాకు కెప్టెన్ ఒక్కడేనన్నట్టు పాటలు పాడింది. మైదానంలో గొప్పోడివే గానీ నీకు డబ్బు తెచ్చిన మాకు గౌరవం ఇవ్వలేదన్న అర్థంలో ఇంకో బ్యానర్. ఆ గుంపు నాయకులతో ఆయన ఎప్పుడూ చెట్టపట్టాలేసుకు తిరగలేదు, ఓడినప్పుడు వాళ్లు నిలదీస్తే తలవంచనూ లేదు. ఆ కోపాన్ని ఆ రోజుకు దాచిపెట్టుకున్నారు. వాళ్లలో ఒకణ్ని కానందుకు గర్వంగా ఉందని ఆయన తర్వాత అన్నాడు.

మిగతా స్టేడియం అంతా నిలబడి చప్పట్లు కొట్టింది, అదీ చెప్పాలి. వారం తర్వాత ఫ్లోరెన్స్‌లో ఫియొరెంటినాతో నిజమైన ఆఖరి మ్యాచ్. అక్కడ అవతలి జట్టు జనం లేచి నిలబడి సాగనంపారు.

మిలన్‌లో ఆయన వేసుకున్న 3 నంబర్ జెర్సీ ఇప్పుడు ఎవరిది?

ఎవరిదీ కాదు. క్లబ్ దాన్ని పక్కన పెట్టేసింది, మాల్దీని కొడుకులు మిలన్ జట్టుకు ఆడితే మాత్రం వేసుకోవచ్చని ఒక సడలింపు ఉంచింది. చిన్నకొడుకు డానియెల్ 2020లో మిలన్‌కు ఆడాడు గానీ వేరే నంబర్‌తో. పైగా అతను డిఫెండర్ కాదు, ముందువరస ఆటగాడు. 2021లో స్పెట్సియా మీద లీగ్‌లో మొదటి గోల్ కొట్టినప్పుడు స్టాండ్స్‌లో ఉన్న పావొలో రెండు చేతులూ ఎత్తి అరిచాడు. ఆడిన రోజుల్లో ఆయన్ను అలా చూసిన గుర్తు నాకు లేదు. 2024లో డానియెల్ ఇటలీ జట్టుకూ ఆడాడు. తాత, తండ్రి, మనవడు ముగ్గురూ నీలం జెర్సీ వేసుకున్నారు.

అన్నట్టు ఇటలీ జట్టులో ఆయన ఎప్పుడూ 3 వేసుకున్నాడనుకోకండి. 1990 ప్రపంచ కప్‌లో 7, 1994లో 5.

రిటైరయ్యాక ఏం చేశాడు? టెన్నిస్ ఆడాడని విన్నాను.

కోచింగ్ జోలికి పోలేదు. 2018లో మిలన్‌కు డైరెక్టర్‌గా తిరిగొచ్చాడు. కొత్త ఎడమ డిఫెండర్ కోసం 2019లో స్వయంగా ఇబీసా దీవికి వెళ్లి తియో హెర్నాండెజ్‌ను ఒప్పించి తెచ్చాడు. 2022లో మిలన్ 11 ఏళ్ల తర్వాత లీగ్ గెలిచింది, తియో ఆ జట్టుకు ప్రాణం. ఏడాది తిరిగాక, 2023 జూన్‌లో, కొత్త యాజమాన్యం మాల్దీనిని పంపించేసింది.

టెన్నిస్ సంగతి నిజమే. 2017లో 49 ఏళ్లు నిండగానే మిలన్‌లో జరిగిన ఒక ఛాలెంజర్ టోర్నీలో తన టెన్నిస్ కోచ్‌తో కలిసి డబుల్స్ ఆడాడు. 6-1, 6-1తో ఓడిపోయారు. ఆట ముగిసింది ఒక్క రౌండ్‌తోనే.

బరేసి గొప్పా, మాల్దీని గొప్పా?

మా ఇంట్లోనే తెగలేదు. మా అన్నయ్య బరేసి అంటాడు.

ఒకే ఒక్క మ్యాచ్ చూడాలంటే ఏది?

1994 మే 18, ఏథెన్స్, బార్సెలోనాతో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్. బరేసి, కోస్తకుర్తా ఇద్దరిమీదా నిషేధం, మధ్యలో ఇద్దరూ లేరు. బార్సెలోనాలో రొమారియో, స్టొయిచ్‌కోవ్. మిలన్ పని అయిపోయిందని అందరూ అనుకున్నారు. మాల్దీని మధ్యలోకి వచ్చి ఫిలిప్పో గల్లి పక్కన నిలబడ్డాడు. మిలన్ 4-0తో గెలిచింది. మాసారో రెండు గోల్స్, సావిచెవిచ్ కొట్టిన ఎత్తు బంతి, దెసాయీ నాలుగోది. ఇవన్నీ హైలైట్స్‌లో దొరుకుతాయి.

మీరు మాత్రం పూర్తి మ్యాచ్ పెట్టుకోండి. బంతిని వదిలేసి మొదటి అరగంట రొమారియోనే చూడండి. అతను ఒకవైపు జరగబోతాడు, ఆగుతాడు, వెనక్కి తిరిగి చూస్తాడు. ప్రతిసారీ ఎవరున్నారా అని చూస్తాడు. ప్రతిసారీ మాల్దీనే ఉంటాడు.